దగ్గు మొదలు మందు దాకా

(శతాబ్ది సభలలో వైద్య పరిచర్యను గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



వైద్య పరిచర్యను గూర్చి మాట్లాడవలెనని నిర్వాహకులు కోరినప్పుడు, మేము పాత మిషను ఆసుపత్రుల వైభవమును వర్ణిస్తామని చాలమంది అనుకొని ఉండవచ్చును. ఆ పని చేయగల పెద్దలు ఇక్కడ వేరే ఉన్నారు. మేము ఒక్క రోగమునే తీసుకొంటాము. అది క్షయ. అందులోను మందును గూర్చి కాక, రోగి ఆ మందు దగ్గరకు చేరే దారిని గూర్చి చెప్పదలచాము. మేము వేదాంత కళాశాలలో చదివినవారమే గాని వైద్యులము కాము. అయినను దగ్గే మనిషి మంచము ప్రక్కన కూర్చున్న అనుభవములో కాపరులు ఎవరికిని తీసిపోరు.

క్షయ సూక్ష్మజీవి వలన వచ్చునని రాబర్ట్ కాక్ 1882లో చూపించినాడు. కారణము తెలిసినది గాని మందు దొరకలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో కొన్ని మిషనులు కలిసి శానిటోరియము స్థాపించి, 1915 నాటి నుండి డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారి ఆధ్వర్యములో నడిపినప్పుడు అక్కడ ఇచ్చినది విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, కొందరికి శస్త్రచికిత్స. మంచము దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకనివాడు ఇంట్లోనే దగ్గుతూ ఉండేవాడు.

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వచ్చినవి. అప్పుడు ప్రశ్న మారినది. మందు ఉన్నది, రోగులు లక్షలలో ఉన్నారు, మంచములు మాత్రము వేలలోనే ఉన్నాయి. ఏమి చేయవలెను? దీనికి జవాబు మన ప్రక్కన మద్రాసులోనే దొరికినది. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడినది. డాక్టరు వాలెస్ ఫాక్స్ గారు, తోటి వైద్యులు నగరములోని బీదల ఇండ్ల నుండి 193 మంది రోగులను తీసుకొని, కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరిని ఇంటి వద్దనే ఉంచి, ఇద్దరికిని ఒకే మాత్రలు ఒక సంవత్సరము ఇచ్చినారు. శానిటోరియములో ఉన్నవారికి తిండి, విశ్రాంతి ఎక్కువ. అయినను 1959లో ఫలితములు ప్రకటించినప్పుడు ఇంటివారికిని వారికిని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంట్లో చికిత్స పొందినందున కుటుంబములోని వారికి రోగము అదనముగా అంటలేదని కూడ తేలినది. శానిటోరియములు కట్టినవారికి ఇది మింగుడుపడని సంగతి అయి ఉండవచ్చును. అయితే ఆ పరిశోధన తరువాతనే పల్లెలోని కూలివానికి కూడ వైద్యము అందగలదన్న ఆశ కలిగినది.

అంతకంటె మమ్మును కదిలించినది ఇంకొకటి ఉన్నది. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనువారు కర్ణాటకలోని తుముకూరు జిల్లా పల్లెలలో రోగులను విచారించి 1963లో ఒక వ్యాసము ప్రకటించినారు. పల్లెవారు అజ్ఞానులు, మూఢ నమ్మకములతో ఆసుపత్రికి రారు అని అంతకు ముందు అందరును అనుకొనేవారు. తీరా చూస్తే దాదాపు సగము మంది అప్పటికే ఆసుపత్రి గడప త్రొక్కినవారే. అక్కడ ఎవరును వారి కళ్ళె పరీక్ష చేయలేదు. చేతిలో ఒక దగ్గుమందు సీసా పెట్టి పంపివేసినారు. అంటే దారి తప్పినది రోగి కాదు. అతడు సరిగానే వచ్చినాడు. దారి అక్కడ తెగిపోయినది. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమము కళ్ళె పరీక్షను మామూలు ఆరోగ్య కేంద్రములకు తెచ్చినది ఈ ఎరుకతోనే.

ఇది అరవై ఏండ్ల నాటి మాట గదా, ఇప్పుడెందుకు అనవచ్చును. మా గురుమండలములో ఒక కూలి తల్లి మూడు నెలలు దగ్గినది. మొదట ఊరి ఆర్.ఎం.పి. దగ్గర సూదిమందులు. తరువాత పట్నములో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర ఎక్సురే, బలము కొరకు సెలైను. చివరకు సర్కారు ఆసుపత్రికి వెళితే, రేపు పరగడుపున కళ్ళె తెమ్మన్నారు. మరునాడు పరీక్ష చేసేవాడు సెలవులో ఉన్నాడు. ప్రతి రాకపోకకు బస్సు చార్జీ, ఒక దినపు కూలి పోవును. ఆమెకు రోగము తెలిసే సరికి ఇంట్లో చిన్నవాడు కూడ దగ్గుచున్నాడు. ఒక్క డాక్టరును నిందించి లాభము లేదు. నలుగురును తమ తమ పని చేసినామనే అనుకొన్నారు.

నేటి పద్ధతి కాగితము మీద చాల మంచిది. రెండు వారములు దాటిన దగ్గు ఉంటే పరీక్ష చేయవలెను. ట్రూనాట్, సీబీనాట్ అను యంత్రములు కొద్ది గంటలలోనే రోగమున్నదో లేదో, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందుకు లొంగునో లేదో చెప్పును. మందు ఉచితము. వారమునకు మూడు సార్లు ఇచ్చే పద్ధతి పోయి 2017లో దినదినము మ్రింగే పద్ధతి వచ్చినది. మామూలు క్షయకు ఆరు నెలలు. 2012 నుండి ప్రతి రోగి పేరు నిక్షయ్ అను కంప్యూటరు పట్టీలో ఎక్కుచున్నది. 2018లో నెలకు 500 రూపాయల పోషణ సహాయము మొదలై, 2024 నవంబరు నుండి 1000 అయినది. ఇన్ని ఉన్నను 2023లో మన దేశములో సుమారు 28 లక్షల మందికి క్షయ సోకినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది లోకములోని రోగులలో నాలుగవ వంతుకు పైమాటే.

ఎక్కడ తెగుచున్నది ఈ దారి? రెండవ నెలకు ఆకలి పుట్టి, జ్వరము తగ్గి, ఒంట్లో బాగుండగానే మాత్రలు ఆగిపోవును. మిరపకాయల కోతకో ఇటుక బట్టీకో కుటుంబము తరలిపోయినప్పుడు ఆగిపోవును. (నిక్షయ్ సంఖ్య చెబితే ఏ ఊరి సర్కారు ఆసుపత్రిలోనైనను మందు కొనసాగించవచ్చును. ఈ సంగతి మేము అడిగిన రోగులలో ఎవరికిని తెలియదు.) కోడలికి క్షయ అని తెలిసి పుట్టింటికి పంపివేసినప్పుడు ఆగిపోవును. ఈ చివరిది డాక్టర్లు బాగుచేయలేరు. మన ఇండ్లలోనే జరుగుచున్నది.

తమిళనాడులో 2022 ఏప్రిలు నుండి చేయుచున్న పని ఒకటి ఇక్కడ చెప్పవలెను. క్షయతో చనిపోయేవారిలో పెద్ద భాగము చికిత్స ప్రారంభించిన మొదటి రెండు నెలలలోనే పోవుచున్నారు. మందు లేక కాదు. వచ్చే సరికే ఒళ్ళు చిక్కి శల్యమై ఉన్నందున. కాబట్టి రోగము తేలిన వెంటనే ఆరోగ్య కార్యకర్త నాలుగు సంగతులు చూచును. ఎత్తుకు తగిన బరువు బొత్తిగా లేదా, కాళ్ళు వాచినవా, ఊపిరి ఆయాసముగా ఉన్నదా, ఆసరా లేకుండ నిలువగలడా. దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. త్రాసు, కొలబద్ద, వ్రేలికి తగిలించి ప్రాణవాయువు కొలిచే చిన్న పరికరము చాలును. ప్రమాదములో ఉన్నవానిని ఇంటికి పంపక ఆసుపత్రిలో చేర్చుకొని, పథ్యము తెలిసి ఆహారము పెట్టి, నిలద్రొక్కుకొన్న తరువాత పంపుదురు. మద్రాసు పరిశోధన మంచమును తీసివేసినదని సంతోషించినాము గదా. ఈ పద్ధతి ఎవరికి మంచము తప్పదో ఏరి చూపుచున్నది. రెండింటికిని పేచీ లేదు.

ఆహారమును గూర్చి మరి గట్టి సాక్ష్యము జార్ఖండు నుండి వచ్చినది. అక్కడి నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగులకు నెలనెలా బియ్యము, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చినారు. కొందరి విషయములో ఇంటివారికి కూడ బియ్యము, పప్పు ఇచ్చినారు. 2023లో ఫలితములు వచ్చినవి. తిండి అందిన ఇండ్లలో కొత్తగా క్షయ పుట్టుట సుమారు 39 శాతము తగ్గినది. మందు ఇవ్వకుండ, ఒట్టి అన్నముతో! మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములు బాగా తగ్గినవి.

కనుక మేము అడిగేది పెద్ద కార్యము కాదు. శతాబ్ది నిధిలో భవనములకు కేటాయించిన సొమ్ములో కొంత దీనికి మళ్ళించవలెనని మా మనవి. దీనికి కొందరు పెద్దలు ఒప్పుకొనరని మాకు తెలుసు. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము నిక్షయ్ మిత్ర అను ఏర్పాటు చేసినది. ఏ సంఘమైనను, వ్యక్తియైనను పేరు నమోదు చేసుకొని, సమ్మతించిన రోగులకు నెలనెలా ఆహారపు మూట ఇవ్వవచ్చును. గురుమండలమునకు పది కుటుంబముల చొప్పున ఆరు నెలలకు తీసుకొందము. రోగికే కాక ఇంటిల్లిపాదికిని ఇద్దము. రోగిని ఆసుపత్రికి తోడు తీసుకొని వెళ్ళుటకు ప్రతి సంఘములో ఇద్దరు ఉండవలెను, అందులో ఒకరు స్త్రీ కావలెను. గుడి వసారాలో బరువు తూచే యంత్రము ఒకటి పెడితే, అది ఎవరి కొరకో అని ఎవరును అడుగరు.

పేరు ఇవ్వదలచినవారు ఈ సభ ముగిసిన తరువాత స్త్రీల సమాజపు బల్ల దగ్గర ఇవ్వవచ్చును. తోడు వెళ్ళేవారి పేర్లు, ధాన్యము ఇచ్చేవారి పేర్లు మాత్రమే అక్కడ వ్రాయుదురు. రోగుల పేర్లు ఆ పుస్తకములో వ్రాయరాదు. అవి ఆశా కార్యకర్తకును సంఘ కాపరికిని చెవిలో చెప్పితే చాలును.