కొట్టివేత, పొట్టి సంతకం, గిట్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయ్యవ ఏట నేనొక కొత్త పని నేర్చుకున్నాను. దాని పేరు గిట్. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో ముందు మనవి చేస్తాను.

మన సభ్యుల జాబితాను నిజాంపేటలో మా ఇంటి కంప్యూటరులో నేనే చూస్తున్నాను. ఒకసారి సవరణలు చేస్తూ, ఒక సభ్యుని పెన్షను ఆర్డరు నంబరు, ఆయన భార్య పేరు ఉన్నచోట వేరొకరి వివరాలు టైపు చేసి సేవ్ చేశాను. ఆయన కాలం చేశాక ఫ్యామిలీ పెన్షను దరఖాస్తు నింపించుకోవడానికి ఆ అమ్మగారు వచ్చారు. జాబితాలో ఆమె పేరే లేదు. అది ఎప్పుడు పోయిందో కూడా చెప్పలేకపోయాను. పాపం, ఆమె ఎండలో ఇంటికి వెళ్లి పాత కాగితాలు వెతికి తెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా కోడలు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. "మామయ్యగారూ, ఆఫీసులో అంకె తప్పు పడితే ఏం చేసేవారు?" అని అడిగింది.

"చెరపకూడదమ్మా. పాత అంకె కనబడేలా ఒక గీత కొట్టి, పైన సరైనది వేసి, పొట్టి సంతకం, తేదీ పెట్టాలి" అన్నాను.

"గిట్ చేసేదీ అదేనండీ" అంది.

ప్రోగ్రాముల్లో మార్పులకు లెక్క ఉంచే సాధనాన్ని 1972లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ తయారుచేశారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను రాశారు. 1998లో ప్రారంభమైన మన సైబర్ టవర్స్ కంటే అది వయసులో చిన్నది.

సవరణ చేశాక "కమిట్" అనే ఆదేశం ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదవుతుంది, పాత ప్రతీ నిలిచి ఉంటుంది. "లాగ్" అంటే నోట్ ఫైలు తిరగేసినట్లే. "డిఫ్" అంటే పాత పంక్తిని, కొత్త పంక్తిని పక్కపక్కన పెట్టి చూసినట్లు. ఒకే పంక్తిని ఇద్దరు రెండు విధాలుగా మార్చితే, కలిపేటప్పుడు ఆగి, రెండూ చూపి, నిర్ణయం మనకే వదిలేస్తుంది.

మొదటి వారం కారణం దగ్గర "మార్పు" అని మాత్రమే రాసేవాణ్ణి. "మీ గుమాస్తా ఇలా నోట్ పెడితే ఊరుకునేవారా?" అంది కోడలు. ఇప్పుడు "మరణ ధ్రువపత్రం చూచి సవరించడమైనది" అని రాస్తున్నాను.

రెండు జాగ్రత్తలు. జాబితాను సాదా టెక్స్ట్ ఫైలుగా ఉంచితేనే తేడాలు పంక్తివారీగా కనబడతాయి. మనం తొలగించిన వివరం పాత ప్రతుల్లో ఉండిపోతుంది గనుక, బ్యాంకు ఖాతా నంబర్లున్న జాబితాను ఇంటర్నెట్‌లో పదిమందికీ కనబడే చోట పెట్టరాదు.

కమిట్ చేయనిదాన్ని గిట్ కూడా తిరిగి తేలేదు. అందుకే ఆ అమ్మగారి కాగితాలు చూచి, ఆమె పేరు చేర్చి, నా మొదటి కమిట్ చేశాను. ఇప్పుడు చరిత్రతో సహా మరో నకలు కార్యదర్శిగారి కంప్యూటరులోనూ ఉంది.

మిత్రులారా, ఈ క్రమశిక్షణ మనకు సర్వీసంతా అలవాటైనదే. పేర్లు మాత్రమే కొత్తవి. నేర్చుకోదలచినవారు మా ఇంటికి రండి, కలిసి కూర్చుందాం. సెలవు.