బొమ్మల చదువులో పరిశోధన



"బొమ్మలేసేదానికి పరిశోధన ఏందమ్మీ?" అని అవ్వ అడిగితే నవ్వి ఊరుకోకండి. ప్రశ్న మంచిదే. నాలుగేళ్ళు బి.ఎఫ్.ఏ., ఆపైన రెండేళ్ళు ఎం.ఎఫ్.ఏ., మళ్ళీ పిహెచ్.డి. అంటే ఇంట్లోవాళ్ళు పిల్ల వయసు లెక్కపెట్టుకోరూ! 2020లో కడపలోనే డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పడింది గనుక ఈ మాట ఇక మన గడపదాకా వచ్చినట్టే.

పరిశోధన అంటే ఇంకా అందంగా బొమ్మ వెయ్యడం కాదు, ఒక ప్రశ్న పట్టుకుని కూర్చోవడం. శ్రీశైలంలో దర్శనం తొందర కొద్దీ అందరం ప్రాకారం గోడ దాటిపోతాం. విజయనగర కాలపు ఆ గోడ నిండా ఏనుగులు, గుర్రాలు, వేట, యోగులు, శివకథలు వరుసలు తీరి ఉన్నాయి. ఫలానా కథ ఇక్కడే ఎందుకు చెక్కారు? పక్కదానితో దానికేమి సంబంధం? గీసుకుని, కొలుచుకుని, శాసనాలతో సరిచూసుకుని జవాబు రాయాలి. చరిత్ర చదివినవారు శాసనం చదువుతారు గాని, ఉలి ఎటునుంచి దిగిందో చెయ్యి తిరిగినవారికే తెలుస్తుంది. బొమ్మలు వేసే పిల్లకి ఇక్కడే పైచెయ్యి.

లేపాక్షి గుడి కప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాల్లో ఆడవారి చీరలు చూశారా? 2019లో వచ్చిన లేపాక్షి గ్రంథం రాసిన ముగ్గురిలో ఇద్దరు స్త్రీలే: అన్నా దళ్లపిక్కోలా, బ్రిగిట్టె ఖాన్ మజ్లిస్. ఎక్కడివారో వచ్చి రాశారు, సంతోషమే. కాని చీర అంచు సంగతి మనకు తక్కువ తెలుసునా? ఆ అంచులకూ, సిద్ధవటం దగ్గర మాధవరం మగ్గాల అంచులకూ పోలిక ఉందా? లేదని తేలినా అదీ పరిశోధనే.

డబ్బు సంగతికొస్తాను. నెట్ పరీక్షలో దృశ్యకళలూ ఒక విషయమే. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. దానికి వయసు హద్దు 30 ఏళ్ళయినా ఆడవారికి మరో 5 ఏళ్ళ సడలింపు ఉంది. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ఎం.ఫిల్. ఎత్తేశారు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం వస్తే ఎం.ఎఫ్.ఏ. లేకుండానే పిహెచ్.డి.కి దరఖాస్తు చెయ్యొచ్చు. అది కనీసం మూడేళ్ళ చదువు. ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు. పెళ్ళిచూపుల నాడే ఈ మాట చెప్పెయ్యడం మంచిది, తరువాత చెబితే వినే తీరిక ఎవరికీ ఉండదు!

గైడు దగ్గరికి వెళ్ళేలోపే ఒక గోడో, ఒక మండపమో ఎంచుకుని నాలుగుసార్లు గీసుకు రండి. గుడివారి అనుమతి రాతలో తీసుకోండి. ఓర్వకల్లు దగ్గర కేతవరం గుండ్ల మీద ఆదిమానవులు ఎర్రమన్నుతో వేసిన బొమ్మలకైతే తోడు లేకుండా వెళ్ళొద్దు, రంగుని తాకొద్దు. ఎండాకాలమైతే తెల్లవారేసరికే చేరుకోండి, పది దాటిందంటే ఆ రాళ్ళ దగ్గర నిలబడలేం.