స్వర్ణకారులు – పరిశ్రమ యాత్రలు
(మహాసభ యందు చేసిన యుపన్యాసము)



 మేము పండితులము కాము. కుంపటి ముందు కూర్చుండి బ్రదుకువారము. కావున శాస్త్రచర్చల జోలికి పోక, మా చేతిపనిలో మాకు కలిగిన యొక పరాభవమును, దానివలన మేము నేర్చిన పాఠమును తమకు విన్నవించుకొందుము.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ గోదావరి డెల్టాలో వరి సమృద్ధిగా పండినది. ఆ వరియే బంగారమై మన వాకిళ్లకు వచ్చినది. కుప్ప నూర్చిన రైతు పిల్ల పెండ్లికి కాసులపేరు, నాను, వంకీ, వడ్డాణము చేయింప మన యరుగు మీదికే వచ్చెడివాడు. ఒక్కొక్క యింట ఒక్కొక్క పనితనము. దాని మర్మము తండ్రినుండి కొడుకునకే గాని ప్రక్క యింటి దాయాదికి సైతము తెలిపెడి వాడుక లేదు. ఆనాడు ఆ రహస్యమే మనకు అన్నము పెట్టినది. నేడు ఆ రహస్యమే మనలను ఒంటరులను చేసినది.

1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలను పెద్దలు మరచి యుండరు. 14 క్యారెట్లకు మించిన నగ చేయరాదనిరి. దేశమంతట వేలాది కుంపట్లు చల్లారినవి. కొందరు స్వర్ణకారులు ప్రాణములే తీసికొనిరి. 1968లో చట్టమే వచ్చినది. 1990లో గాని అది రద్దు కాలేదు. ఆ కష్టము కంటి కెదురుగా వచ్చినది, అందరమును చూచితిమి. ఇప్పటి కష్టము అట్లు రాలేదు. యంత్రము వచ్చినది, పెద్ద దుకాణము వచ్చినది, హాల్‌మార్కు ముద్ర వచ్చినది. ఒక్కొక్కటి వచ్చినప్పుడు ఎవరి యింట వారు తలవంచుకొని పని చేసికొనుచుంటిమి.

ఇక మా సంగతి. కొన్నేండ్ల క్రిందట, మూడు తరములనుండి మా యింటనే నగలు చేయించుకొను రైతు ఒకరు మా గుమ్మము కడకు వచ్చిరి. ఇరువదేండ్ల క్రిందట మేము చేసి యిచ్చిన గొలుసును పట్టణములో నొక దుకాణమున అమ్మబోయిరట. మేము 916 వన్నె అని చెప్పి యిచ్చినది అక్కడ కరగించి చూడగా 890 అని తేలినదట. “ఆచారిగారూ, మీ నాయనగారి నాటినుండి మీ యింటి మీద నమ్మకము” అని మాత్రము అనిరి. అంతకు మించి యొక్క మాట యనలేదు. తిట్టినను బాగుండెడిది.

మన వృత్తిమీద లోకమున గల పాత యపవాదు తమకు తెలియనిది కాదు. మేము ఆ గొలుసునుండి గురిగింజ యెత్తు బంగారము కూడ తీయలేదు. అయినను వన్నె యేల తగ్గెనో మాకే తెలియలేదు. తెలియదని చెప్పిన నమ్ము వారెవరు?

ఆ బాధతో తోడి పనివారిని కొందరిని కలిసికొంటిమి. విచారింపగా, పైకి చెప్పుకొనలేక లోలోపల ఇదే బాధ పడుచున్నవారు మరి ముగ్గురు తేలిరి. అంతట రాజమహేంద్రవరము, కోనసీమ, నరసాపురము ప్రాంతములనుండి పదునొకండుగురము కూడి, ఆషాఢమాసమున పెండ్లిపనులు లేని వేళ, అనుమతి పొంది యొక హాల్‌మార్కు పరీక్షాకేంద్రమును చూడబోయితిమి.

అక్కడ మొదట ఎక్స్-రే యంత్రముతో వస్తువును పరిశీలింతురు. పిమ్మట కొంచెము బంగారము గీచి తీసి, తూచి, వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ద్రవమును పీల్చుకొను చిన్న గిన్నెలో నుంచి, వేయి డిగ్రీలు దాటిన కొలిమిలో పెట్టుదురు. సీసము, రాగి ఆ గిన్నెలో నింకిపోవును. మిగిలిన పూసను రేకుగా సాగగొట్టి నత్రికామ్లమున కాచినచో వెండి కరగి, శుద్ధసువర్ణము నిలుచును. దానిని మరల తూచి వన్నె కట్టుదురు. చూచి మేము ఆశ్చర్యపడితిమి. ఇది మన పుటమే! మన తాతలు కంటితో కొలిచినదానిని వీరు త్రాసుతో కొలుచుచున్నారు, అంతే భేదము.

మా గొలుసు మర్మము కూడ అక్కడనే తెలిసినది. అతుకునకు వాడు టంకము గొలుసు కంటె ముందుగా కరగవలెను; అందుకై దానిలో రాగి, వెండి హెచ్చుగా కలుపుదుము. కమ్మచ్చున లాగిన తీగ 916 వన్నెదే. కాని వందలకొలది అతుకులున్న గొలుసును మొత్తముగా కరగించినప్పుడు టంకములోని కల్తీ యంతయు దానిలో చేరును. దొంగతనము లేదు, అజ్ఞానము కలదు. వన్నె తగ్గకుండుటకు కాడ్మియము కలిపిన టంకమును వాడు పద్ధతి తరువాత వచ్చినది. దాని పొగ ఊపిరితిత్తులకును మూత్రపిండములకును హాని చేయునని అచ్చటివారు తెలిపిరి. మాలో నొక పెద్దవారు ఇరువదేండ్లు ఊదుగొట్టముతో ఆ పొగలో పని చేసినవారు. ఆ మాట విని చాలసేపు మౌనముగా నుండిరి.

మరుసటి యాషాఢమున నిడదవోలు, భీమవరము, గుడివాడల మీదుగా రైలున బందరు చేరి, చిలకలపూడి చూచితిమి. ఆ యూరి బంగారమును మనము గిల్టు అని చిన్నచూపు చూచుట వాడుక. అక్కడ అచ్చు తీయువారు వేరు, రాళ్లు పొదుగువారు వేరు, మెరుగు పెట్టువారు వేరు, పూత పూయువారు వేరు. స్త్రీలు ఇంటనుండియే పని చేసి కుటుంబము నిలుపుచున్నారు. మనమో తీగ లాగుటనుండి మెరుగు పెట్టుట వరకు ఒక్కరమే చేసి, పని ఆలస్యమాయెనని మాట పడుచున్నాము. లోహము తక్కువదైనంత మాత్రమున ఆ పొందిక తక్కువది కాదు.

ఒంటరిగా పోయి చూడరాదా యని అడుగవచ్చును. పోవచ్చును, కాని ఒంటరిగా వచ్చిన పనివానిని పోటీదారుడని శంకించి గుమ్మమువద్దనే నిలుపుదురు. సంఘము పేర ముందుగా వ్రాసి పోయినచో కుర్చీ వేసి చూపుదురు. మరియు ఒకరికి తోచని ప్రశ్న వేరొకరికి తోచును. అన్నింటికంటె గొప్పలాభము తిరుగుప్రయాణమున కలిగినది. రైలులో ఒకరు తమ తండ్రి నేర్పిన అతుకు పద్ధతిని విప్పి చెప్పిరి. అది విని మరియొకరు అడ్డిగ కట్టు తీరును చెప్పిరి. ముప్పదేండ్లు ఒకే వీధిలో నుండియు చెప్పుకొనని మాటలు ఆ రాత్రి చెప్పుకొంటిమి.

2021 జూన్ 16 నుండి మొదట 256 జిల్లాలలో హాల్‌మార్కు నిర్బంధమైనది. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారము గలవారికి ఆ నిర్బంధమునుండి మినహాయింపు ఇచ్చిరి. కాని కొనువారి మనస్సునకు మినహాయింపు లేదు. వారు ముద్ర యేదని అడుగుదురు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో స్వర్ణకారవృత్తియు నొకటి. దానివలని శిక్షణము, పరికరములకు సహాయము అర్హులు పొందవలసినవే. అయినను చూచి నేర్చిన విద్యకు సాటి లేదు.

కావున మా మనవి యిది. ఏటేట ఆషాఢమున పన్నెండుగురికి మించని యొక యాత్ర సాగవలెను. అందు యువకులు, పని యెరిగిన స్త్రీలు తప్పక యుండవలెను. చూపినవారి నమూనాలను వారి యనుమతి లేక అనుకరింపరాదు. చూచి వచ్చినవారు దాచక సంఘమున చెప్పవలెను. రైలుఖర్చు భరింపలేని పనివారికి పోషకులు తోడ్పడవలెను. రాబోవు యాత్రకు కరీంనగరము తగునని మా యభిప్రాయము. అచ్చటి వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. తీగపని మనకును కొత్త కాదు.

ఆ రైతుగారి గొలుసు మాట చెప్పి ముగింతుము. తగ్గిన బంగారమును మేమే చేర్చి, కొత్త గొలుసు చేసి, పరీక్ష చేయించి, ఆ కాగితముతో సహా వారి యింటికి పోయి యిచ్చితిమి. నష్టము మేమే భరించితిమి. వారు కాగితమును చదువక మడిచి మా చేతికే యిచ్చి, మనుమరాలి పెండ్లికి మట్టెలు, పుస్తెలు చేయుమనిరి. ఆ నమ్మకమునకు తగిన పని మన పిల్లలు చేయగలుగుటకే ఈ యాత్రలు వలయునని కోరుచున్నాము.