మనకు నష్టం తెచ్చిన తీర్పు

న్యాయశాస్త్ర పట్టాలు అందుకున్న మీకూ, వెనక వరసల్లో కళ్లు తుడుచుకుంటున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

"అంతర్జాతీయ చట్టం ఇంకా బతికే ఉందా సార్?" అని ఈమధ్య విద్యార్థులు అడుగుతున్నారు. ఉక్రెయిన్‌ను చూసి, గాజాను చూసి అడుగుతున్నారు. జవాబు కోసం మిమ్మల్ని మన బంగాళాఖాతానికే తీసుకెళ్తాను.

1970 తుపాను తర్వాత హరియాభంగా నది సముద్రంలో కలిసేచోట ఓ ఇసుకదిబ్బ తేలింది. మనం న్యూమూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అంది. గుడిసె కూడా లేని ఆ దిబ్బ కోసం 1981లో మన నౌకాదళం వెళ్లింది. కొన్నేళ్లకు దిబ్బ నీళ్లలో కలిసిపోయింది, తగవు మిగిలింది. 2009లో బంగ్లాదేశ్ సముద్ర చట్ట ఒప్పందం కింద సరిహద్దు తేల్చమని మధ్యవర్తిత్వం కోరింది. అయిదుగురు సభ్యుల ట్రిబ్యునల్ 2014 జులై 7న తీర్పు చెప్పింది. తగవులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్ల సముద్రంలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి.

భారత్ ఎంత, బంగ్లాదేశ్ ఎంత! కాదు పొమ్మంటే అడిగేవాడెవడు? అయినా ఢిల్లీ తలొగ్గింది. నేను గర్వపడిన రోజుల్లో అదొకటి. రెండేళ్లకు, అదే 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం కింద, దక్షిణ చైనా సముద్రం కేసులో ఫిలిప్పీన్స్ గెలిచింది. ఆ తీర్పు చెల్లదంది చైనా. అంతకుముందు 1986లో తనమీద నికరాగువా కేసు గెలిచినప్పుడు అమెరికా చేసిందీ అదే.

ఇప్పుడు బలం మన వైపూ జరుగుతోంది. అసలు పరీక్ష అక్కడే. పాకిస్తాన్‌తో సింధు జలాల వివాదంలో మధ్యవర్తిత్వ కోర్టును గుర్తించబోమని 2025లో మనమే మళ్లీ చెప్పాం. పహల్గాం ఉగ్రదాడి నెత్తురు ఆరని దేశం అన్న మాట అది. ఆ కోపం నాలోనూ ఉంది. కానీ లా చదివినవాళ్లు కోపం దగ్గరే ఆగకూడదు.

2014 నాటి ఆ అయిదుగురిలో మన తెలుగువారు పెమ్మరాజు శ్రీనివాసరావుగారు ఒకరు. కొన్ని అంశాల్లో మిగతావారితో విభేదించి, తన వాదన విడిగా రాసిపెట్టారు. తీర్పూ ఆయన అసమ్మతీ హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. నల్లకోటు తొడుక్కునేలోపు ఆ రెండూ చదవండి.