అంగన్‌వాడీకి ఆరు కాగితాలు, రాజ్‌భవన్‌కు రెండు అర్హతలు

(ఏలూరులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద పదవుల నియామకాలు, వాటికి రాజకీయ నాయకుల జవాబుదారీతనం అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఉదయం టీ తాగుతుంటే భీమడోలు నుంచి వచ్చిన ఒక కార్యకర్త సూటిగానే అడిగారు: "మేం రొయ్యల షెడ్లలో ఆడవాళ్ళ కూలి గురించి కొట్లాడుతుంటే మీరు గవర్నర్ల సంగతి చెబుతారేంటండీ?" న్యాయమైన ప్రశ్నే. నిన్న సాయంత్రం కొల్లేటి లంక ఊరొకదానిలో విన్న సంగతితో దానికి జవాబు మొదలుపెడతాను.

ఆ ఊళ్ళో ఒకామె అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. పదో తరగతి పాసైంది. మొగుడు వదిలేసి పోతే బిడ్డనెత్తుకుని పుట్టింటికి చేరింది. రేషన్ కార్డు మాత్రం అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయింది. మార్కుల జాబితా, పుట్టిన తేదీ, కులం, నివాసం, ఆధార్, పెళ్ళికి ఋజువు. ఈ ఆరు కాగితాలూ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. "పెళ్ళయిందా అంటారు. అయిందంటే మరి ఆయనేడీ అంటారు. ఈ ఊరిదానివేనా అంటారు. ఔనంటే కార్డు అక్కడుందిగా అంటారు. నా గురించి నాకే తెలియనివి కూడా వాళ్ళకి కావాలండి" అంది.

మన రాష్ట్రంలో ఈ ఉద్యోగాల ప్రకటనలు మీరంతా చూసినవే. అభ్యర్థి వివాహిత అయివుండాలి, స్థానికురాలై ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, వయసు 21 నుంచి 35 లోపు ఉండాలి. ఇప్పుడు రాజ్యాంగంలో 157వ అధికరణం చూడండి. గవర్నరుకు కావలసిన అర్హతలు రెండే: భారత పౌరసత్వం, 35 ఏళ్ళు నిండటం. చట్టసభలో సభ్యత్వమో, మరో లాభదాయక పదవో ఉంటే వదులుకోవాలి, అంతే. పిల్లలకు గుడ్డు వండిపెట్టే మనిషికి ఏ వయసు దాటితే తలుపు మూస్తారో, రాజ్‌భవన్‌కు సరిగ్గా ఆ వయసు దగ్గర తలుపు తెరుస్తారు. ఇది కాకతాళీయమే అనుకోండి. కానీ ఎవరి చరిత్రను ఎంత తవ్వుతారన్నది మాత్రం కాకతాళీయం కాదు.

2007 ఆగస్టులో నారాయణ్ దత్ తివారీని ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమించారు. ఉత్తరప్రదేశ్‌కూ ఉత్తరాఖండ్‌కూ ముఖ్యమంత్రిగా, కేంద్రంలో మంత్రిగా పనిచేసిన మనిషి. మరుసటి ఏడు, ఆయన తన తండ్రి అని గుర్తించాలంటూ ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాడు. (2012 జూలైలో డి.ఎన్.ఎ. పరీక్ష ఆ యువకుడి మాటే నిజమని తేల్చింది.) ఆ కేసు నడుస్తున్నా రాజ్‌భవన్‌లో ఏమీ కదలలేదు. 2009 డిసెంబరు 25న ఎ.బి.ఎన్. ఆంధ్రజ్యోతి చానల్ రాజ్‌భవన్ లోపలివంటూ కొన్ని దృశ్యాలు ప్రసారం చేసింది. ఒక గని లైసెన్సు ఆశ చూపి స్త్రీలను పంపమన్నారని కూడా ఆ కథనం ఆరోపించింది. ఇవన్నీ కల్పితాలని రాజ్‌భవన్ ఖండించింది. హైకోర్టు ప్రసారం ఆపమంది. 26న ఆయన రాజీనామా చేశారు. కారణం అనారోగ్యం అని రాశారు.

అప్పుడు నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిని. తెలంగాణ ఉద్యమంతో నగరమంతా అట్టుడుకుతున్న రోజులవి. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. నేనూ ఒక ప్లకార్డు పట్టుకున్నాను. దాని మీద "రాజ్‌భవన్ పవిత్రతను కాపాడండి" అని ఉంది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పవిత్రత మన మాట కాదు. అది మన మెడకు వేసే తాడు. ఎనభై దాటిన ముసలాయన ఎవరితో పడుకున్నాడన్నది నాకు రాజకీయ ప్రశ్న కాదు. అక్కడున్న ఆడవాళ్ళు తమ ఇష్టంతో వచ్చారా? వద్దని చెప్పగల స్థితిలో ఉన్నారా? ప్రభుత్వ అధికారాన్ని బేరానికి పెట్టారా? మన ప్రశ్నలు ఇవి కావాలి. మనం వాటిని గట్టిగా అడగలేదు. టీవీలు బొమ్మ చూపించాయి, జనం బొమ్మ చూశారు. రాజీనామాతో ఆ ప్రశ్నలు కూడా విమానమెక్కి వెళ్ళిపోయాయి.

అసలు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆయనను ఎవరు పంపారు, ఏం చూసి పంపారు? గవర్నరు నియామకపత్రం మీద రాష్ట్రపతి సంతకం, ముద్ర ఉంటాయి. కానీ రాష్ట్రపతి కేంద్ర మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకుంటారు. అంటే ఆ నిర్ణయం ప్రధానిది, మంత్రివర్గానిది. గవర్నరుగా వచ్చే మనిషి ఏదో ఒక రంగంలో పేరున్నవాడై ఉండాలని, ఇటీవలి రాజకీయాల్లో మునిగితేలినవాడు కాకూడదని, ముఖ్యమంత్రిని సంప్రదించాలని సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది. చెప్పింది గాని చట్టమేమీ రాలేదు. ఏలూరు చెరువుల్లో పాట పాడే మనిషిని కూడా పోయినేడు బాకీ తీర్చావా లేదా అని ఊరివాళ్ళు అడుగుతారు. రాష్ట్రమంతటికీ పెద్దగా, విశ్వవిద్యాలయాలకు కులపతిగా పంపే మనిషి గురించి అడగడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

ఇందులో చిన్న విచిత్రం కూడా ఉంది. తివారీ స్థానంలోకి వచ్చిన ఇ.ఎస్.ఎల్. నరసింహన్ అంతకు ముందు ఇంటలిజెన్స్ బ్యూరోకు డైరెక్టరు. పెద్ద పదవుల్లోకి వచ్చేవాళ్ళ పూర్వాపరాలను ఆరా తీసే సంస్థ అదే. ఆ సంస్థకు పార్లమెంటు చేసిన చట్టమేదీ లేదు. అది ఏం రాసిందో, చదివినవాళ్ళు దాన్ని ఏం చేశారో మనకు తెలిసే దారీ లేదు.

ఇది ఒక్క మన రాజ్‌భవన్ కథే అనుకోకండి. మేఘాలయలో ఎనభై మందికి పైగా రాజ్‌భవన్ ఉద్యోగులు సంతకాలు చేసి ఫిర్యాదు పంపితే 2017 జనవరిలో అక్కడి గవర్నరు ఆరోపణలను కాదంటూనే రాజీనామా చేశారు. 2024 మేలో పశ్చిమ బెంగాల్ రాజ్‌భవన్‌లో ఒక కాంట్రాక్టు ఉద్యోగిని గవర్నరు మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. ఆయన ఖండించారు. ఏది నిజమో నేను చెప్పలేను. చెప్పాల్సిన విచారణకే 361వ అధికరణం అడ్డొచ్చింది. గవర్నరు పదవిలో ఉన్నంతకాలం ఆయన మీద క్రిమినల్ కేసు నడపడానికి వీల్లేదని ఆ అధికరణం అంటుంది. ఆమె సుప్రీంకోర్టుకు వెళితే, ఆ రక్షణ ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలిస్తామని 2024 జూలైలో కోర్టు ఒప్పుకుంది. పదవిలోకి వచ్చాక అడగడానికి వీల్లేదు కాబట్టి, రాకముందే అడగాలన్న మాటకు ఇంతకన్నా బలం ఏం కావాలి?

అడిగే పద్ధతి ఉన్న దేశాల్లో ఏం జరుగుతుందో కూడా చూద్దాం. బ్రిటన్‌లో దీన్ని వెట్టింగ్ అంటారు. అప్పుల దగ్గర్నుంచి స్నేహాల దాకా తవ్వుతారు. 2024 డిసెంబరులో అక్కడి ప్రధాని కియర్ స్టార్మర్, పీటర్ మాండెల్సన్‌ను అమెరికాకు రాయబారిగా ప్రకటించారు. ముందు పేరు ప్రకటించారు, భద్రతా పరిశీలన ఆ తరువాత జరిగింది. మైనరు బాలిక కేసులో 2008లో నేరం ఒప్పుకున్న జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో మాండెల్సన్‌కు స్నేహముందని పేపర్లు అప్పటికే రాశాయి. ఆ కేసు రోజుల్లో ఎప్‌స్టీన్‌కు ధైర్యం చెబుతూ మాండెల్సన్ రాసిన ఉత్తరాలు 2025 సెప్టెంబరులో బయటపడ్డాయి. 11వ తేదీన ఆయనను తీసేశారు. ఆ నియామకానికి సలహా ఇచ్చింది తానేనంటూ ప్రధాని ఆంతరంగిక సిబ్బంది అధిపతి 2026 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు.

ఒక మాట ఆలోచించండి. పెళ్ళి పిలుపులు పంచాక కుర్రాడి గురించి వాకబు చేసే ఇంట్లో వాకబు ఏం చెబుతుంది? అప్పటికి పరువు ఇరుక్కుపోయింది. చెడ్డ సంగతి తెలిసినా "పోనీలే" అనే అంటారు. పరిశీలనను ఎగరగొట్టాలంటే దాన్ని రద్దు చేయనక్కరలేదు, వెనక్కి జరిపితే చాలు. ఇంకొకటి, భద్రత అంటే ఎవరి భద్రత? ఆ మనిషి వల్ల ప్రభుత్వ రహస్యాలు బయటికి పోతాయా అని అడుగుతారు. ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడు, ఏ ఆడపిల్లల గోడు వినకుండా ముఖం తిప్పుకున్నాడు అనేది ఆ లెక్కలోకి రావడానికి ఉత్తరాలు పేపరుకెక్కాల్సి వచ్చింది.

మన దేశంలో ఈ విషయంలో గట్టిగా నిలబడిన తీర్పు ఒకటుంది. 2010 సెప్టెంబరులో పి.జె. థామస్‌ను కేంద్ర విజిలెన్స్ కమిషనరుగా నియమించారు. ఎంపిక కమిటీలో ముగ్గురు: ప్రధాని మన్మోహన్ సింగ్, హోంమంత్రి చిదంబరం, ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్. కేరళ పామోలిన్ దిగుమతి కేసులో థామస్ నిందితుడని ఆమె అడ్డు చెప్పారు. ఇద్దరు ఔనన్నారు, ఒకరు కాదన్నారు, నియామకం అయిపోయింది. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. థామస్ దోషి అని కోర్టు అనలేదు. ఆ మనిషి నిజాయితీ కన్నా సంస్థ నిజాయితీ ముఖ్యమంది. ఆయన మీద చర్య తీసుకోవాలని సిబ్బంది శాఖే రాసుకున్న పాత నోట్లు కమిటీ ముందుకు రాలేదని చూపించింది. ఇకమీద కమిటీలో ఎవరైనా విభేదిస్తే కారణాలు రాయాలి, దాన్ని తోసిపుచ్చే మెజారిటీ కూడా కారణాలు రాయాలంది. ప్రధాని ఆ నెలలోనే పార్లమెంటులో బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు.

నాకు ఈ తీర్పులో నచ్చింది ఆ చివరి షరతు. కారణం రాసి సంతకం పెట్టాక "నాకు తెలియదు" అనడం కష్టం. అయితే థామస్ కేసులో కోర్టు అడగగలిగింది 2003 నాటి విజిలెన్స్ కమిషన్ చట్టం ఉంది కాబట్టి. గవర్నరు విషయంలో కమిటీ లేదు, విభేదించే సభ్యురాలు లేదు, కాగితం లేదు.

సరే, మరి ఇంకా ఎక్కువ ఆరా తీయమని అడుగుదామా? ఇక్కడ నాకు భయముంది, దాచుకోను. ఆరా అనగానే ముందు దొరికేది మనమే. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసు నిబంధనల ప్రకారం స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, చేసుకున్నాక అవసరమైతే రాజీనామా చెయ్యాలి. మగవాడికి ఆ షరతు లేదు. పై హోదా రాకపోతే ఆమె కోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను ఎండగట్టారు. అవి పోయిన రోజులు అనుకోవద్దు. సౌరభ్ కృపాల్‌ను ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తిగా నియమించమని కొలీజియం సిఫారసు చేస్తే వచ్చిన అభ్యంతరాలు 2023 జనవరిలో బయటికొచ్చాయి. ఆయన జీవిత భాగస్వామి స్విట్జర్లాండు దేశస్థుడట, పైగా తాను స్వలింగ ప్రేమికుడినని దాచుకోరట. కొలీజియం ఆ అభ్యంతరాలను తోసిపుచ్చి పేరు మళ్ళీ పంపింది. దాచుకోని మనిషిని ప్రమాదం అంటున్నారు చూడండి! దాచుకున్నవాళ్ళకు ఆరోగ్య కారణాలు చాలుతున్నాయి.

కాబట్టి మనం అడిగేది నడవడిక సర్టిఫికెట్ కాదు. ఎవరి మంచం కిందా తొంగిచూడమని కాదు. ఈ మనిషి కింద పనిచేసినవాళ్ళు ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా, చేస్తే అది ఏమయింది, ఆ కాగితం నియమించే వాళ్ళ ముందుకు వచ్చిందా, పేరు ప్రకటించక ముందే వచ్చిందా. చూసి కూడా నియమిస్తే ఎందుకో రాసి సంతకం పెట్టమందాం. రేపు ఫిర్యాదు నిజమని తేలితే ఆ సంతకం పెట్టినవాళ్ళు వచ్చి జవాబు చెప్పాలి.

ఉదయం అడిగిన కార్యకర్తకు ఇప్పుడు జవాబు చెబుతాను. రొయ్యల షెడ్డులో పదిమంది కన్నా తక్కువ పనివాళ్ళుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, ఆడవాళ్ళు వెళ్ళాల్సింది జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం దానికి అధ్యక్షురాలిగా సాంఘిక సేవలో పేరున్న స్త్రీని నియమించాలి. స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరుండాలి. ఆ కమిటీ సభ్యుల మీద నేర విచారణో, క్రమశిక్షణ చర్యో పెండింగులో ఉంటే చాలు, తీసేయాలని చట్టంలోనే ఉంది. గవర్నరుకు లేని షరతు మన కమిటీ సభ్యురాలికి ఉంది. ఉండటం మంచిదే. అన్ని జిల్లాల్లో 2025 జనవరి 31లోగా ఈ కమిటీలు వెయ్యమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గడువు పెట్టింది.

ఏలూరు జిల్లా కమిటీలో ఎవరున్నారో ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమంటే ఇందాక రెండు లేచాయి. భోజనాల తర్వాత సమాచార హక్కు దరఖాస్తులు ఇక్కడే కూర్చుని రాద్దాం. సభ్యుల పేర్లు, వాళ్ళను ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారు, నియామక ఉత్తర్వు నకలు, ఇప్పటిదాకా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. లంక ఊరి ఆమె దరఖాస్తు ఏమయిందో కూడా ఒకటి రాద్దాం. ఆమె ఆరు కాగితాల నకళ్ళు నా సంచీలోనే ఉన్నాయి.