స్మృతిభ్రంశ రోగులును, వారి సేవకులును



స్మృతిభ్రంశము మోహమువలన గలుగునని భగవద్గీత చెప్పుచున్నది. మేము ప్రస్తావించు వ్యాధి యట్టిది కాదు. ఇది మెదడు క్షీణించుటచే గలుగునది; వైద్యులు డిమెన్షియా యందురు. 2023లో ప్రకటితమైన పరిశోధన ననుసరించి మన దేశమున 60 యేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 7గురికి ఇది కలదు.

మా తల్లిగారు కడపటి దినములలో మమ్ము తమ అన్నగారనుకొనిరి. భుజించిన గడియకే తమకు అన్నము పెట్టలేదని వీధివారితో జెప్పెడివారు. విన్నవారు మా గృహిణిని నిందించిరి. రాత్రులు నిద్రలేక, పగలు నిందపడి, ఆమె చిక్కి శల్యమయ్యెను. ఇట్టి రోగులతో వాదించినకొలది కలహము పెరుగును. "ఇదిగో వడ్డించుచున్నామమ్మా" యని రెండు ముద్దలు పెరుగన్నము పెట్టినచో మా తల్లిగారు శాంతించెడివారు.

సేవచేయువారికి విసుగు కలుగుట పాపము కాదు. బంధువులు పరామర్శకు వచ్చి, కాఫీ త్రాగి, సలహాలిచ్చి పోవుటకంటె, వారమున కొక్కపూట రోగియొద్ద కూర్చుండుట మేలు. ఆ పూట యిల్లాలు నిద్రించును. మనోవ్యథ మితిమీరినచో 14416 అను టెలీమానస్ సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన యీ సేవకు రుసుము లేదు.

విద్యార్థి వసతిగృహములకు చందాలిచ్చు దాతలు ఈ పనికిని పూనుకొనవలయును. రోగియొద్ద పూటకాపు కూర్చుండువారి పేర్లు గ్రామమునకు ఇద్దరివి చొప్పున సంఘమువారు వ్రాసికొందురుగాక. మా పేరు మొదట వ్రాయుడు.