సరుకు మోసిన వీరులు

(రాత్రి బడిలో చేసిన ఉపన్యాసం)



పోయిన వారం మన బడిలో ఒక తాతగారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "యుద్ధం చేసేది సిపాయిలు కదమ్మా! సరుకు ఓడలో పనిచేసేవాడికి యుద్ధంతో పనేమిటి?" అన్నారు. మంచి ప్రశ్న. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. చదువుకుని వచ్చాను. ఈ రోజు చెబుతాను.

ఆలోచించండి. సిపాయికి తిండి కావాలి. తుపాకీకి గుండ్లు కావాలి. విమానం ఎగరాలంటే పెట్రోలు కావాలి. ఇంగ్లండు ఉన్న దీవి చుట్టూ సముద్రమే. అక్కడికి ఇవన్నీ ఓడల మీదే రావాలి. ఓడలు ఆగిపోతే సైన్యం చేతులు కట్టేసినట్టే. అందుకే శత్రువు ముందు సరుకు ఓడల మీద పడతాడు.

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే నార్వే దేశం కథ వినాలి.

నార్వే యూరప్ ఖండంలో ఉత్తరం కొసన ఉంది. పొడుగాటి దేశం. ఒక పక్కంతా సముద్రం. కొండలు ఎక్కువ, సాగు భూమి తక్కువ. అందుకని అక్కడివాళ్లు చాలామంది సముద్రాన్నే నమ్ముకున్నారు. చేపలు పట్టారు. ఓడలు నడిపారు. 1940లో ఆ దేశం జనాభా సుమారు 30 లక్షలే. ఈ రోజు హైదరాబాదులో ఉండే జనంలో సగం కూడా కాదు. అయినా సరుకు ఓడల్లో ప్రపంచం మొత్తంమీద నాలుగో స్థానం వాళ్లది!

1914 నుంచి 1918 వరకు మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. నార్వే ఏ పక్షంలోనూ చేరలేదు. కానీ దాని ఓడలు ఇంగ్లండుకు సరుకు మోశాయి. జర్మనీ జలాంతర్గాములు, అంటే నీళ్ల కింద నడిచే ఓడలు, వాటిని వందల సంఖ్యలో ముంచేశాయి. సుమారు 2000 మంది నావికులు చనిపోయారు. చూశారా? యుద్ధంలో లేని దేశం. చేతిలో తుపాకీ లేని మనుషులు. అయినా ప్రాణాలు పోయాయి.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం నార్వే మీద పడింది. రెండు నెలల్లో దేశమంతా వాళ్ల చేతిలోకి పోయింది. రాజు హాకోన్, ఆయన ప్రభుత్వం జూన్‌లో లండన్ చేరుకున్నారు.

దేశం పోయింది. కానీ ఓడలు పోలేదు! సుమారు 1000 ఓడలు అప్పటికి వేరే దేశాల రేవుల్లోనో, నడి సముద్రంలోనో ఉన్నాయి. "మా వైపు రేవులకు వచ్చేయండి" అని జర్మన్ల పక్షంవాళ్లు రేడియోలో చెప్పారు. కెప్టెన్లు ఆ మాట వినలేదు. లండన్‌లో ఉన్న తమ ప్రభుత్వం మాటే విన్నారు. ఆ ప్రభుత్వం ఈ ఓడలన్నిటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చింది. దాని పేరు నోర్‌ట్రాషిప్. ఆ రోజుల్లో అదే ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల సంస్థ. అందులో సుమారు 30 వేల మంది పనిచేశారు. నార్వేవాళ్లే కాదు, చైనా నుంచి, మన దేశం నుంచి వెళ్లిన నావికులు కూడా ఉన్నారు.

ఇందులో చమురు ఓడల పని మరీ కష్టం. ఇంగ్లండుకు వెళ్లిన చమురులో పెద్ద భాగం నార్వే ఓడలే మోశాయి. కడుపునిండా పెట్రోలు ఉన్న ఓడకు టార్పెడో తగిలితే ఏమవుతుంది? టార్పెడో అంటే నీళ్లలో దూసుకొచ్చే బాంబు. ఓడ అంటుకుంటుంది. చమురు నీళ్ల మీద పరుచుకుని సముద్రమే మండుతుంది. దూకినా మంటే, దూకకపోయినా మంటే. అలాంటి ఓడ నుంచి బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ ఇంకో ఓడ ఎక్కారు. ఇంటికి పోదామంటే దారి లేదు. పెళ్లాం బిడ్డలు శత్రువు చేతిలో ఉన్న దేశంలో ఉండిపోయారు. ఐదేళ్లపాటు మంచీ చెడూ తెలిసేది కాదు.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగిందని అనుకోకండి. మన బంగాళాఖాతంలో కూడా జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన పెద్దలు చెప్పుకునే ఆ బాంబుల రోజుల్లోనే జపాన్ నౌకాదళం ఈ సముద్రంలో చాలా సరుకు ఓడల్ని ముంచింది. అందులో నార్వే ఓడలు కూడా ఉన్నాయి. వాటి పేర్లు డాగ్‌ఫ్రెడ్, ఎల్సా, హెర్మోడ్.

1945 మేలో నార్వేకు స్వేచ్ఛ వచ్చింది. నోర్‌ట్రాషిప్ ఓడల్లో దాదాపు సగం మునిగిపోయాయి. మూడు వేల మందికి పైగా నావికులు తిరిగి రాలేదు.

ఇక అసలు సంగతి చెబుతాను. ఇది మనం జాగ్రత్తగా వినాలి.

యుద్ధంలో ప్రాణాపాయం ఉంటుంది కాబట్టి నావికులకు జీతం మీద అదనపు డబ్బు ఇచ్చేవారు. నార్వేవాళ్లకు ఇంగ్లీషు నావికుల కంటే ఎక్కువ వచ్చేది. "మీవాళ్లకు ఎక్కువిస్తే మావాళ్లు గొడవ చేస్తారు" అని ఇంగ్లండు పట్టుబట్టింది. దాంతో ఆ అదనపు డబ్బు తగ్గించారు. తగ్గించిన సొమ్మును ఒక నిధిలో వేశారు. ఆ నిధి సంగతి రహస్యంగా ఉంచారు.

యుద్ధం అయ్యాక నావికులు "అది మా చెమట డబ్బు, మాకివ్వండి" అన్నారు. ప్రభుత్వం ఎవరి వాటా వాళ్లకు పంచలేదు. అవసరంలో ఉన్నవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయంగా వాడతామంది. నావికులు కోర్టుకెక్కారు. 1954లో పెద్ద కోర్టులో ఓడిపోయారు. అప్పటికే చాలామందికి నిద్ర పట్టదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. పని చేయలేరు. అయినా అడగడం మానలేదు. చివరికి 1972లో పార్లమెంటు ఒప్పుకుంది. యుద్ధకాలంలో ఓడ మీద పనిచేసిన నెలకు 180 క్రోనర్ల చొప్పున ఇచ్చింది. క్రోనర్ అంటే వాళ్ల రూపాయి. యుద్ధం ముగిసి అప్పటికి 27 ఏళ్లు! ఆ డబ్బు చూడకుండానే కన్నుమూసినవాళ్లు ఎందరో. యుద్ధం తర్వాత నావికుల్ని సరిగా చూసుకోనందుకు 2013లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

ఇది విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన మరబోటు మీద పనికి వెళ్లేవారు. వాటా ఎంతో, అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారో ఆయనకు తెలీదు. బోటు యజమాని చెప్పిందే లెక్క. వేలిముద్ర వేసి వచ్చేసేవారు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక నోటు పుస్తకంలో ఆయన పనిదినాలు రాయడం మొదలుపెట్టాను. సీజను చివర ఆ పుస్తకం తీసుకెళ్లి చూపించారు. తొమ్మిది రోజులు తక్కువ వేశారని తేలింది. ఆ డబ్బు వచ్చింది.

నార్వేలో స్టావెర్న్ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున ఒక స్మారక మందిరం ఉంది. 1926లో కట్టారు. రెండు యుద్ధాల్లో చనిపోయిన నావికుల పేర్లు అక్కడ రాగి రేకుల మీద రాసి ఉన్నాయి. పెద్ద ఆఫీసర్ల పేర్లే కాదు, వంటవాడి పేరూ, బొగ్గు వేసేవాడి పేరూ ఉన్నాయి. మంచి పనే. కానీ పోయినవాళ్ల పేరు రాగి మీద రాస్తే సరిపోదు. బతికున్నవాడి కష్టం కాగితం మీద రాయాలి.

తాతగారూ, మీ ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటాను. రేపు వచ్చేటప్పుడు అందరూ ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చుకోండి. మొదటి పేజీలో మీ పేరు రాద్దాం. రెండో పేజీలో ఈ నెల పనిదినాలు రాద్దాం.

సెలవు.